ఒకే రంగు పెట్టినా పీసీలో లైట్లు తలో రంగులో వెలుగుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కొత్తగా పీసీ అసెంబుల్ చేసుకున్నారు. ముందువైపు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి, లిక్విడ్ కూలర్, రెండు ర్యామ్ స్టిక్కులు, గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. అన్నిటికీ లైట్లున్నాయి. మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికీ కలిపి ఊదా రంగు ఎంచుకున్నారు. వెనక ఫ్యాన్ ఒక్కటే సరిగ్గా మారింది. ముందు మూడూ ఇంద్రధనుస్సు రంగులు తిప్పుతూనే ఉన్నాయి. ర్యామ్‌లో ఒక స్టిక్ నీలం దగ్గర ఆగిపోయింది. తెలుపు పెట్టి చూస్తే కూలర్ గులాబీ ఛాయలో కనిపిస్తోంది. గ్రాఫిక్స్ కార్డు అసలు జాబితాలోనే లేదు. లోపం ఉన్న వస్తువులు వచ్చాయా, వెనక్కి పంపేయాలా అని మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడే ఏదీ వెనక్కి పంపకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటీ వస్తువు పాడైందని చెప్పడానికి చాలదు. ముందు ఫ్యాన్లు దాదాపు కచ్చితంగా క్యాబినెట్ హబ్ (ఫ్యాన్ల లైటు వైర్లన్నీ కలిసే చిన్న పెట్టె) సొంత మోడ్‌లో ఉన్నాయి. ర్యామ్ మీద రెండు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి పెత్తనం చేస్తూ ఉండాలి. కూలర్ తెలుపులో తేడా ఎల్‌ఈడీల స్వభావం వల్లో, వోల్టేజీ తగ్గడం వల్లో వస్తుంది. అంటే మీకున్నది ఒక సమస్య కాదు, ఒకేసారి కనిపిస్తున్న మూడు నాలుగు వేర్వేరు సమస్యలు. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. ఒక సాఫ్ట్‌వేర్ తీసి ఇంకోటి వేస్తారు, ఒకటి బాగుపడి ఇంకోటి చెడుతుంది, చివరికి ఏది దేనివల్ల జరిగిందో తెలియకుండా పోతుంది.

ముందు కాగితం మీద రాయండి: ఏ లైటు ఎవరి మాట వింటోంది? పీసీ లోపల లైట్లన్నిటినీ నడిపే ఒకే వ్యవస్థ అంటూ లేదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న కంట్రోలర్ చిప్ ఉంటుంది. తన హెడర్లకు, అంటే బోర్డు మీద వైర్లు గుచ్చే పిన్నుల వరుసలకు, గుచ్చిన లైట్లను మాత్రమే అది నడుపుతుంది. క్యాబినెట్‌తో వచ్చిన హబ్‌లో ఇంకో కంట్రోలర్ ఉండొచ్చు. లిక్విడ్ కూలర్లలో చాలావాటికి లోపల యూఎస్‌బీ 2.0 హెడర్‌కి వెళ్లే వైరు ఉంటుంది, వాటి లైట్లకు ఆదేశాలు ఆ దారిలో వెళ్తాయి. ర్యామ్ లైట్లకైతే వైరే ఉండదు, మదర్‌బోర్డులోని ఎస్‌ఎంబస్ అనే నిదానమైన దారిలో వాటికి ఆదేశాలు అందుతాయి. గ్రాఫిక్స్ కార్డు లైట్లను నడిపేది ఆ కార్డులోనే ఉన్న వేరే చిప్.

కాబట్టి పక్క ప్యానెల్ రెండూ తీసి, ఒక్కో లైటు వైరు చేత్తో పట్టుకుని చివరిదాకా వెళ్లండి. అది మదర్‌బోర్డు హెడర్‌కి చేరిందా, హబ్‌కి చేరిందా, ఇంకో ఫ్యాన్‌లోకి వెళ్లిందా అన్నది రాసుకోండి. హబ్ ఉంటే, దాని నుంచి మదర్‌బోర్డుకి మూడు పిన్నుల వైరు వెళ్తోందా, పవర్ సప్లై నుంచి సాటా పవర్ వైరు వచ్చిందా అన్నదీ రాయండి. నేను ఎవరి పీసీ చూడాల్సి వచ్చినా మొదటి పని ఇదే. చాలాసార్లు కాగితం నిండేలోపే జవాబు దొరుకుతుంది.

వైర్లు పీకి మళ్లీ పెట్టేముందు ఒక జాగ్రత్త. ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం. హెడర్లు రెండు రకాలు. నాలుగు పిన్నులది 12 వోల్టులది. దానికి పెట్టిన లైట్లన్నీ ఒకే రంగులో వెలుగుతాయి. నాలుగు పిన్నుల చోటులో ఒకటి ఖాళీగా ఉండి మూడే కనిపించేది 5 వోల్టుల ఏఆర్‌జీబీ. అందులో ప్రతి ఎల్‌ఈడీకీ విడిగా రంగు ఇవ్వొచ్చు. 5 వోల్టుల ఫ్యాన్‌ని 12 వోల్టుల హెడర్‌కి బలవంతంగా గుచ్చితే లైట్లు కాలిపోతాయి, మళ్లీ బాగుచేసుకోవడం ఉండదు. కంపెనీని బట్టి పేర్లు మారతాయి. ఎంఎస్‌ఐ బోర్డుల మీద 12 వోల్టులది జేఆర్‌జీబీ, 5 వోల్టులది జేరెయిన్‌బో. ఆసుస్‌లో 12 వోల్టులది ఆర్‌జీబీ హెడర్, 5 వోల్టులది యాడ్ జెన్ 2. గిగాబైట్‌లో అదే వరుసలో ఎల్‌ఈడీ సీ, డీ ఎల్‌ఈడీ. కొన్ని పాత గిగాబైట్ బోర్డుల్లోనైతే డిజిటల్ హెడర్‌కి (డీ ఎల్‌ఈడీకి) 5 వోల్టులు కావాలో 12 కావాలో ఎంచుకునే జంపర్, అంటే పిన్నుల మీద తొడిగే చిన్న క్యాప్, కూడా ఉంటుంది, అది చూడకుండా ఏమీ పెట్టొద్దు. కనెక్టర్ మీద ఉన్న బాణం గుర్తు హెడర్‌లో వోల్టేజీ రాసి ఉన్న పిన్ను వైపుకే రావాలి. ఈ పనులన్నీ పవర్ సప్లై వెనక స్విచ్ ఆపేశాకే చేయండి.

తర్వాత ఎరుపు పరీక్ష. ఊదా రంగుతో వెతకడం ఆపండి. ఊదా అంటే ఎరుపు, నీలం కలిపిన రంగు. మిశ్రమ రంగు కారణాన్ని దాచేస్తుంది. ఎఫెక్టులన్నీ తీసేసి, కదలని రంగుగా అన్నిటికీ పూర్తి ఎరుపు ఇవ్వండి. అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు వరుసగా 255, 0, 0 (ఒక్కోటి 0 నుంచి 255 దాకా). ఒక నిమిషం చూసి పూర్తి ఆకుపచ్చ, ఆ తర్వాత పూర్తి నీలం. ఏ లైటు ఏం చేసిందో ఆ కాగితం మీదే పక్కన రాసుకోండి.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ, ఆకుపచ్చ అడిగితే ఎరుపు వస్తే అది రంగుల వరుస తేడా. ఏఆర్‌జీబీ లైట్లలో బాగా వాడే డబ్ల్యూఎస్ 2812బీ రకం ఎల్‌ఈడీ ముందుగా ఆకుపచ్చ విలువ తీసుకుని, తర్వాత ఎరుపు, ఆపైన నీలం తీసుకుంటుంది. కంట్రోలర్ వేరే వరుసలో పంపితే రంగులు తారుమారవుతాయి. చాలా సాఫ్ట్‌వేర్లలో కాలిబ్రేషన్ అన్న చోట ఈ వరుస మార్చుకోవచ్చు. మూడు రంగుల్లో ఒకటి మాత్రం రాకపోతే, 12 వోల్టుల లైట్లయితే ఆ రంగు పిన్ను వంగిందేమో, వైరు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. మూడు రంగులకూ ఏ మార్పూ లేకుండా పాత ఆటే ఆడుతుంటే ఆదేశం దానికి అందడం లేదన్నమాట. మూడు రంగులూ బాగా వచ్చి ఊదా, నారింజ, తెలుపు మాత్రమే తేడాగా ఉంటే వైర్లలో, కంట్రోలర్‌లో దోషం లేదు. రంగు అంకెలు సర్దుకోవాలి, లేదా కరెంటు చాలుతోందా చూడాలి.

మీ నీలం ర్యామ్ స్టిక్ విషయంలో ఈ పరీక్ష చాలా పనికొస్తుంది. ఎరుపు పెట్టినప్పుడు అది ఆరిపోతే ఎరుపు భాగం పనిచేయడం లేదని అనుమానించాలి. ఎరుపు పెట్టినా నీలంగానే ఉంటే దానికి మాట చేరలేదంతే. స్టిక్ మీదున్న ఎల్‌ఈడీలన్నిటిలో ఎరుపు ఒకేసారి పోవడం చాలా అరుదు కాబట్టి, మీది రెండో రకమే అనుకుంటున్నాను.

ముందు మూడు ఫ్యాన్లు. క్యాబినెట్ కుడి ప్యానెల్ వెనక, మదర్‌బోర్డు ట్రే అవతలివైపు హబ్ ఉంటుంది. ఇలాంటి హబ్బులు చాలావాటికి రెండు మోడ్‌లు ఉంటాయి. సొంతంగా రంగులు తిప్పడం ఒకటి, మదర్‌బోర్డు చెప్పినట్టు వినడం రెండోది. కొత్తగా వచ్చినప్పుడు సాధారణంగా మొదటి మోడ్‌లో ఉంటుంది. హబ్ మీద గానీ, క్యాబినెట్ పైన గానీ ఉన్న లైట్ బటన్‌ని కొన్ని సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకుంటే మోడ్ మారుతుంది. ఒక్కసారి నొక్కి వదిలితే ఎఫెక్ట్ మాత్రమే మారుతుంది, మోడ్ మారదు. కొన్ని క్యాబినెట్లలో రీసెట్ బటన్‌నే లైట్ బటన్‌గా కలిపేస్తారు. బటన్ నొక్కినా మారకపోతే హబ్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లాల్సిన మూడు పిన్నుల వైరు ఊడి ఉందేమో చూడండి. ఆ కనెక్టర్లకు లాక్ ఉండదు, కేబుల్ సర్దేటప్పుడు ఇట్టే జారిపోతాయి. గుచ్చాక చిన్న టేపు ముక్క చుట్టడం నా అలవాటు.

హబ్ మోడ్ మారాక ఇంకో సమస్య రావచ్చు: మొదటి ఫ్యాన్ సరైన రంగులోకి వచ్చి, మిగతావి ఆరిపోయో పాత రంగులోనో ఉండిపోవడం. ఇది ఎల్‌ఈడీల లెక్క తేడా. ఏఆర్‌జీబీలో డేటా వరుసగా వెళ్తుంది. ఇటుకలు చేతులు మారుతూ వెళ్లే మనుషుల వరుసలాగా, ప్రతి ఎల్‌ఈడీ తనకు వచ్చిన మొదటి 24 బిట్లు ఉంచుకుని మిగతాది పక్కదానికి అందిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ హెడర్‌కి 8 ఎల్‌ఈడీలు అని ఉండి, మీ మూడు ఫ్యాన్లకు కలిపి 36 ఉంటే, తొమ్మిదో ఎల్‌ఈడీ నుంచి ఎవరికీ ఏమీ అందదు. ఫ్యాన్ మాన్యువల్‌లో ఎన్ని ఎల్‌ఈడీలో ఉంటుంది, దాన్ని ఫ్యాన్ల సంఖ్యతో గుణించి వేయండి. ఆసుస్ జెన్ 2 హెడర్లు లెక్క తామే కనిపెట్టగలవు, కానీ అందుకు ఫ్యాన్లు కూడా జెన్ 2వే అయి ఉండాలి. మిగతావాటికి అంకె మనమే ఇవ్వాలి.

ఇక్కడ స్ప్లిటర్‌కీ గొలుసుకీ ఉన్న తేడా తెలియాలి. మామూలు స్ప్లిటర్ ఒకే డేటాని అన్ని ఫ్యాన్లకూ పంచుతుంది. అప్పుడు మూడు ఫ్యాన్లూ ఒకేలా వెలుగుతాయి, లెక్కలో ఒక ఫ్యాన్ ఎల్‌ఈడీలు వేస్తే చాలు. ఒక ఫ్యాన్ చివర ఇంకో ఫ్యాన్ తగిలించే గొలుసు పద్ధతిలో అన్నీ కలిపి లెక్కించాలి. స్ప్లిటర్ మీద 8 ఎల్‌ఈడీల ఫ్యానూ 30 ఎల్‌ఈడీల స్ట్రిప్పూ కలిపి పెడితే కదిలే ఎఫెక్టులు ఎప్పటికీ కలవవు, ఎందుకంటే ఫ్యాన్ ఆ 30లో మొదటి ఎనిమిదినే చూపిస్తుంది. గొలుసులో ఒక చోట నుంచి అన్నీ చెడితే, అనుమానించాల్సినవి రెండే: చివరిగా బాగా వెలిగినది, దాని తర్వాతిది.

ర్యామ్. రెండు స్టిక్కుల్లో ఒకటి మాట వినకపోవడం నేను ఎక్కువగా చూసింది రెండు లైట్ సాఫ్ట్‌వేర్లు ఒకే పీసీలో ఉన్నప్పుడు. మదర్‌బోర్డు కంపెనీది ఒకటి, ర్యామ్ కంపెనీది ఇంకోటి. రెండూ ఒకే ఎస్‌ఎంబస్ మీద ఒకేసారి మాట్లాడితే ఆదేశాలు మధ్యలో తెగిపోతాయి. ఒక స్టిక్ సగం మాట విని ఆగిపోతుంది. విండో మూసేసినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ ఆగదు, దాని సర్వీసులు వెనక నడుస్తూనే ఉంటాయి. మీకు కావలసిన ఒక్కదాన్నే ఉంచుకుని రెండోదాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కొన్ని కంపెనీలు ఇందుకోసం ప్రత్యేకంగా అన్‌ఇన్‌స్టాల్ టూల్ ఇస్తాయి, ఉంటే అదే వాడండి. ఆసుస్ లైట్ సాఫ్ట్‌వేర్ ఆర్మరీ క్రేట్‌కి అలాంటిది ఉంది.

అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేసినా స్టిక్ నీలంగానే ఉంటే కంగారు పడకండి. రీస్టార్ట్ చేసినప్పుడు లైట్ కంట్రోలర్లకు కరెంటు ఆగదు. షట్‌డౌన్ చేసినా కొన్ని పీసీల్లో లైట్లు వెలుగుతూనే ఉండటం మీరు చూసే ఉంటారు, పవర్ సప్లై నుంచి స్టాండ్‌బై 5 వోల్టులు వస్తూనే ఉండటమే కారణం. షట్‌డౌన్ చేయండి, పవర్ సప్లై వెనక స్విచ్ ఆపండి, క్యాబినెట్ పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన చార్జి దింపేయండి, ఒక నిమిషం ఆగి ఆన్ చేయండి. మొండికేసిన ర్యామ్ లైట్లు, కూలర్ లైట్లు ఎన్నో దీంతోనే దారికొచ్చాయి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ర్యామ్ తన వేగం, టైమింగ్ వివరాలు దాచుకునే ఎస్‌పీడీ చిప్ కూడా అదే ఎస్‌ఎంబస్ మీద ఉంటుంది. ఏదైనా టూల్ అక్కడ తప్పుగా రాస్తే స్టిక్‌ని మదర్‌బోర్డు గుర్తించకపోవచ్చు. ఎవరో చెప్పారని ఊరూపేరూ లేని లైట్ టూల్స్ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించకండి. కొన్ని బోర్డుల బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎస్‌పీడీ రైట్ డిసేబుల్ అనే సెట్టింగ్ ఉన్నది ఇలాంటి ప్రమాదం ఆపడానికే. అది ఆన్‌లో ఉంటే కొన్ని ర్యామ్‌ల లైట్లు సాఫ్ట్‌వేర్‌కి లొంగవు. ర్యామ్ కంపెనీ మాన్యువల్ చెబితేనే దాన్ని మార్చండి.

కూలర్ తెలుపు గులాబీగా ఎందుకు? రెండు కారణాలుంటాయి, వాటిని విడదీయడం తేలిక. సాఫ్ట్‌వేర్‌లో బ్రైట్‌నెస్ సగానికి తగ్గించండి. గులాబీ ఛాయ పోతే కరెంటు చాలడం లేదు. పోకపోతే ఆ ఎల్‌ఈడీల రంగే అంత.

కరెంటు సంగతి ముందు చూద్దాం. ఎరుపు ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులతో వెలుగుతుంది, ఆకుపచ్చకీ నీలానికీ దాదాపు 3 వోల్టులు కావాలి. సన్నని వైర్ల మీదుగా, స్ప్లిటర్ల మీదుగా వెళ్లేసరికి 5 వోల్టులు తగ్గిపోతే ముందు డల్ అయ్యేవి నీలం, ఆకుపచ్చ. ఎరుపు నిలబడుతుంది. తెలుపులో ఎరుపు పాలు ఎక్కువై పసుపుగానో గులాబీగానో కనిపిస్తుంది. మదర్‌బోర్డు 5 వోల్టుల హెడర్ మామూలుగా 3 ఆంపియర్ల వరకే ఇస్తుంది. ఒక డబ్ల్యూఎస్ 2812బీ ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో గరిష్ఠంగా 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, కొత్త రకాలు కొంత తక్కువ. అంటే ఒక హెడర్ మీద పూర్తి తెలుపులో 50 ఎల్‌ఈడీలు దాటితే ఆలోచించాలి. నా దగ్గరికి వచ్చిన ఒక పీసీలో తొమ్మిది ఫ్యాన్లు, ఒక్కోదానికి 12 ఎల్‌ఈడీలు, అన్నీ స్ప్లిటర్లతో ఒకే హెడర్‌కి కట్టారు. ఎరుపు పెడితే ఏ తేడా లేదు. తెలుపు పెడితే చివరి ఫ్యాన్లు నారింజలోకి జారి మిణుకుమిణుకుమనేవి. 108 ఎల్‌ఈడీలంటే గరిష్ఠ లెక్కలో 6 ఆంపియర్ల పైమాటే. సాటా పవర్ తీసుకునే హబ్ పెట్టి, హెడర్ నుంచి డేటా మాత్రమే వెళ్లేలా చేయగానే తెలుపు తెలుపుగా నిలిచింది. మీ కూలర్ ఫ్యాన్లు కూడా వెనక ఫ్యాన్‌తో కలిసి ఒకే హెడర్ మీద ఉంటే వాటిని వేరే హెడర్‌కి మార్చి చూడండి.

మిణుకుమనడం కరెంటు వల్లే కాదు, డేటా బలహీనమైనా వస్తుంది. ఈ ఎల్‌ఈడీలకు డేటా సిగ్నల్ సరఫరా వోల్టేజీలో సుమారు 70 శాతం ఉండాలి, అంటే 5 వోల్టుల మీద 3.5. పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైర్లు ఉంటే తీసేసి దగ్గరి హెడర్ వాడండి.

ఇక ఎల్‌ఈడీ స్వభావం. ఒకే కంపెనీ స్ట్రిప్పులు కూడా వేర్వేరు సమయాల్లో కొంటే ఒకటి నీలి తెలుపు, ఇంకోటి పసుపు తెలుపు ఇవ్వడం నేను చూశాను. మీద ఉండే ప్లాస్టిక్ కూడా రంగు మారుస్తుంది. దీన్ని అంకెలతోనే సర్దాలి. అన్నిటికంటే వెచ్చగా, అంటే పసుపుగా గులాబీగా కనిపించేదాన్ని కదపకుండా ఉంచండి. దానికి నీలం 255 దాటి పెంచలేరు కదా. మిగతావాటిలో నీలం, అవసరమైతే ఆకుపచ్చ కొద్దికొద్దిగా తగ్గిస్తూ దాని దగ్గరికి తెండి. గ్లాస్ ప్యానెల్ బిగించి, గదిలో లైటు తగ్గించి, కంటితోనే చూడండి. ఫోన్ కెమెరాని నమ్మొద్దు, అది తేడాని ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుంది.

మీ ఊదా రంగుకీ ఇదే వర్తిస్తుంది. తెర మీద 128 అనే విలువ గరిష్ఠ కాంతిలో దాదాపు 22 శాతమే. కానీ చాలా లైట్ కంట్రోలర్లు 128 అంటే నేరుగా సగం కాంతి ఇస్తాయి. కొన్ని మాత్రం తెరలాగే సర్దుబాటు చేస్తాయి. అందుకే 128, 0, 255 అని అన్నిటికీ ఇస్తే ఒకటి ఊదాగా, ఇంకోటి దాదాపు గులాబీగా కనిపిస్తుంది. గులాబీవైపు పోయినదానికి ఎరుపుని 55 దగ్గరికి దించి చూడండి. నారింజ పెడితే పసుపు వస్తోందనే ఫిర్యాదుకి కూడా మందు ఇదే, అక్కడ తగ్గించాల్సింది ఆకుపచ్చ.

గ్రాఫిక్స్ కార్డు మదర్‌బోర్డు కంపెనీదే అయితే ఆ సాఫ్ట్‌వేర్‌లోనే కనిపించే అవకాశం ఎక్కువ. వేరే కంపెనీది అయితే దాని సొంత సాఫ్ట్‌వేర్ కావాలి. ఇలాంటప్పుడు నేను చేసేది ఒకటే: ఆ సాఫ్ట్‌వేర్ వేసి, రంగు పెట్టి, కార్డు ఆ రంగుని గుర్తుంచుకునేదైతే వెంటనే సాఫ్ట్‌వేర్ తీసేయడం. సఫైర్ నైట్రో ప్లస్ లాంటి కొన్ని కార్డులకు మూడు పిన్నుల ఏఆర్‌జీబీ చోటు ఉంటుంది. అక్కడి నుంచి మదర్‌బోర్డుకి వైరు లాగితే అసలు గొడవే ఉండదు.

అన్నిటినీ ఒకేచోట నుంచి నడపాలంటే ఓపెన్‌ఆర్‌జీబీ, సిగ్నల్‌ఆర్‌జీబీ లాంటివి ఉన్నాయి. కానీ వాటిని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఉంచకూడదు. విండోస్ 11లో 2023 నుంచి సెట్టింగ్స్, పర్సనలైజేషన్ కింద డైనమిక్ లైటింగ్ అనే విండోస్ సొంత లైట్ సెట్టింగ్ కూడా వచ్చింది. వేరే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అక్కడ దాన్ని ఆపేయండి, లేకపోతే కీబోర్డు, మౌస్ లాంటివి రెండింటి మధ్య ఊగుతుంటాయి. కంట్రోలర్లు వేర్వేరుగా ఉన్నంతకాలం కదిలే అలల ఎఫెక్టులు కాసేపటికి ఒకదానికొకటి దూరం జరుగుతాయి, ఎవరి గడియారం వారిది. నా సలహా అడిగితే, కలగలుపు కంపెనీల పీసీలో కదలని రంగే అందం.

ఇవన్నీ చేశాక కూడా ఒకటి మొండికేస్తే, అప్పుడు స్థానాలు మార్చే పరీక్ష. పవర్ తీసేసి ర్యామ్ స్టిక్కులు ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పెట్టండి. నీలం రంగు స్టిక్‌తోపాటే వెళ్తే స్టిక్‌దే లోపం, వారంటీకి పంపొచ్చు. స్లాట్ దగ్గరే ఉండిపోతే సాఫ్ట్‌వేర్‌దో బోర్డుదో సమస్య. ఫ్యాన్లకూ అంతే, బాగున్న వెనక ఫ్యాన్ ఉన్న హెడర్‌కి అనుమానం ఉన్న ఫ్యాన్ పెట్టి చూడండి. తర్వాత కూడా తేలకపోతే మదర్‌బోర్డు మోడల్, హబ్ ఫోటో, ఎరుపు ఆకుపచ్చ నీలం పరీక్షలో ఏ లైటు ఏం చేసిందో రాసిన ఆ కాగితం ఇక్కడ పెట్టండి, ఏ వైరు ఏ హెడర్‌కి వెళ్లాలో చెబుతాను.